ఎగ్జిమా ఉన్న పసిపిల్లలు, మన ఎండలు: సన్‌స్క్రీన్ కొనేముందు తెలుసుకోవాల్సినవి

(వీడియో ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్. చదవడానికి వీలుగా మధ్యలో హెడింగ్‌లు పెట్టాం.)

ఎండలు మొదలయ్యాయి కదా, అప్పుడే నాకు ఒకే రకం మెసేజ్‌లు మొదలయ్యాయి. "అక్కా, మా బాబుకి ఎగ్జిమా ఉంది, బయటికి తీసుకెళ్తే బుగ్గలు కందిపోతున్నాయి, ఏ సన్‌స్క్రీన్ వాడమంటారు?" అని. అందరూ అడిగేది సన్‌స్క్రీన్ పేరే. నేను కూడా రెండేళ్ళ క్రితం అదే వెతికాను, అదే నా తప్పు. అందుకని ఈరోజు పేర్లు చెప్పను. ఏది ముందు, ఏది తర్వాత అనేది చెప్తాను.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. ఎగ్జిమా ఉన్న పాపకి అమ్మని. మా పిల్లల డాక్టర్ గారు, స్కిన్ డాక్టర్ గారు చెప్పినవి, నేను చేసి చూసినవి చెప్తున్నా. మీ పిల్లల సంగతి మీ డాక్టర్‌తో మాట్లాడుకోండి.

ఆ రోజు ఏం జరిగిందంటే

మా పాపకి ఏడో నెల. మాది గుంటూరు. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో అన్నప్రాసన పెట్టుకున్నాం. ఏప్రిల్ నెల. ముహూర్తం మధ్యాహ్నం 12 దాటాక. బస్సు దిగి ఆటో ఎక్కేసరికి 11 అయింది. పాపకి అప్పటికే బుగ్గల మీద, చేతుల బయటి వైపు ఎగ్జిమా ఉంది. గరుగ్గా, కాస్త నల్లగా, పొట్టు లేచినట్టు.

నేను చాలా జాగ్రత్తపడుతున్నాననుకుని, నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్న నా సన్‌స్క్రీన్ తీసి పాప ముఖమంతా రాశాను. మంచి వాసన వచ్చేది అది. పట్టు పావడా, జరీ అంచు జాకెట్టు. ఆటోలో ఎండ పడేవైపే కూర్చున్నాం. ఐదు నిమిషాలు కూడా కాలేదండీ, పాప గుక్కపట్టి ఏడుపు. ఆకలేమో అని పాలు పట్టబోయాను, తాగలేదు. నిద్రేమో అని ఊపాను. పాపేమో బుగ్గలు నా భుజానికేసి రుద్దుతూనే ఉంది. ఊరు చేరేసరికి రెండు బుగ్గలూ ఎర్రగా ఉబ్బిపోయి, ఒకచోట గీరుకుని నీరు కారుతోంది. జాకెట్టు మెడ చుట్టూ జరీ ఒరుసుకుని ఇంకో గీత.

అన్నప్రాసన ఫొటోలు అన్నిట్లోనూ పాప ఏడుపు ముఖమే ఉంటుంది. ఇప్పటికీ ఆ ఆల్బమ్ తెరిస్తే నాకు మనసు బాగోదు. ఏమీ పట్టించుకోకుండా వదిలేసి ఉంటే అది వేరు, నేను పట్టించుకునే చేశాను కదా, అదే బాధ.

మర్నాడు స్కిన్ డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే ఆవిడ నన్ను తిట్టలేదు. "ఎండ ఒక్కటే కాదమ్మా, వాసన ఉన్న క్రీము, చెమట, జరీ, నాలుగూ కలిశాయి. సన్‌స్క్రీన్ లిస్టులో మూడోది, మీరు దాన్నే మొదట పెట్టారు" అన్నారు.

ఎగ్జిమా చర్మం ఎందుకు వేరు

మన దగ్గర దీన్ని గజ్జి అంటారు, తామర అంటారు. రెండూ కాదు. గజ్జి ఒక పురుగు వల్ల వస్తుంది, తామర ఫంగస్ వల్ల వస్తుంది, రెండూ అంటుకుంటాయి. ఎగ్జిమా అంటుకోదు. పిల్లల చర్మం పై పొరే కాస్త బలహీనంగా ఉంటుంది. ఇటుకల గోడ ఊహించుకోండి. ఇటుకల మధ్య సిమెంటు సరిగ్గా లేకపోతే లోపలి తడి బయటికి పోతుంది, బయట ఉన్నవి లోపలికి దిగుతాయి. అందుకే ఆ చర్మం పొడిబారిపోతుంది, సబ్బుకీ సెంటుకీ చెమటకీ అన్నిటికీ మండుతుంది.

తామర అనుకుని మెడికల్ షాపులో ఏదో ట్యూబు తెచ్చి పూయడం మాత్రం వద్దు. అలాంటి కొన్ని ట్యూబుల్లో గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. పసిపిల్లల ముఖానికి అది చాలా ప్రమాదం. డాక్టర్ చూసి, ఎంత, ఎన్ని రోజులు అని రాసిచ్చిన స్టెరాయిడ్ క్రీము సంగతి వేరు. అది భయపడకుండా వాడాల్సిందే.

ఇంకో మాట. "మనది చామనఛాయ, మనకి ఎండ ఏం చేస్తుంది" అంటారు. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి కొంత కాపుదల ఉంది, నిజమే. కానీ పసిపిల్లల చర్మం పలచన. పైగా మన రంగు మీద ఎగ్జిమా తగ్గిన చోట నల్ల మచ్చో తెల్ల మచ్చో మిగులుతుంది. ఎండలో చుట్టూ చర్మం నల్లబడితే ఆ తెల్ల మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దాన్ని చూసి "బొల్లి వచ్చిందా" అని ఇంట్లో కంగారు. మాకూ అయింది. ఎగ్జిమా అదుపులో ఉంటే ఆ మచ్చలు కొన్ని నెలల్లో మెల్లగా కలిసిపోతాయి.

మొదటిది: టైమూ, నీడా

ఎండ వేడీ, అల్ట్రావయొలెట్ కిరణాలూ ఒకటి కాదు. చర్మాన్ని కాల్చేది ఆ కిరణాలు. అవి కంటికి కనబడవు, వేడిగా కూడా అనిపించవు. మీ ఫోన్‌లో వెదర్ యాప్ తీసి చూడండి, "యూవీ ఇండెక్స్" అని ఒక నంబర్ ఉంటుంది. 3 దాటితే రక్షణ మొదలుపెట్టాలి. 8 దాటితే చాలా ఎక్కువ. 11, ఆపైన అయితే విపరీతం అని లెక్క. ఏప్రిల్, మే నెలల్లో మన తెలుగు రాష్ట్రాల్లో మధ్యాహ్నం ఆ నంబర్ 11 దాటడం మామూలే.

యాప్ లేకపోయినా ఫర్వాలేదు. మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొడుగ్గా ఉంటే కిరణాలు తక్కువ. నీడ మీకంటే పొట్టిగా ఉంటే పాపని బయటికి తేవద్దు. ఇంత సింపుల్. టీకాలైనా, బంధువుల ఇల్లయినా పొద్దున్నే వెళ్ళండి, లేదంటే సాయంత్రం 5 తర్వాత.

పలచటి మబ్బు ఉందని ధైర్యపడకండి, కిరణాలు అందులోంచి చాలావరకు దిగుతాయి. నీడలో ఉన్నా కింద నుంచి తిరిగి కొట్టే వెలుగు ఉంటుంది. బీచ్‌లో పొడి ఇసుక 15 శాతం దాకా కిరణాల్ని వెనక్కి కొడుతుంది, నురగ నీళ్ళయితే 25 శాతం. అంటే సూర్యలంక వెళ్ళి గొడుగు కింద కూర్చున్నా పాప ముఖానికి కొంత తగులుతూనే ఉంటుంది.

కారులో వెళ్తే కూడా. మామూలు అద్దం యూవీబీని ఆపుతుంది గానీ యూవీఏని చాలావరకు వదిలేస్తుంది. పక్క అద్దానికి షేడ్ పెట్టుకోండి. ఆటో అయితే ఎక్కేముందు ఎండ ఎటువైపు పడుతోందో చూసుకుని రెండో వైపు కూర్చోండి. నేను ఆ రోజు ఈ ఒక్కటి చూసుకున్నా సగం బాధ తప్పేది. ఇక ఆగి ఉన్న కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలొద్దు, ఏసీ ఆన్‌లో ఉన్నా సరే.

రెండోది: బట్ట

పొడుగు చేతుల, వదులైన నూలు చొక్కా, కాళ్ళు కప్పే ప్యాంటు, చుట్టూ అంచున్న టోపీ. క్యాప్ అయితే ముందు మాత్రమే నీడ, చెవులూ మెడా ఎండకే ఉంటాయి.

అయితే నూలు బట్ట అనగానే సరిపోదండీ. బట్టని వెలుగుకి అడ్డంగా పట్టుకోండి. అవతల వస్తువులు కనబడుతున్నాయంటే కిరణాలు కూడా వస్తున్నట్టే. బట్టలకి యూపీఎఫ్ అని ఒక కొలత ఉంది. పలచటి తెల్ల టీషర్టు యూపీఎఫ్ సుమారు 7, అంటే ఏడో వంతు కిరణాలు లోపలికి వస్తాయి. తడిస్తే ఇంకా తగ్గిపోతుంది. యూపీఎఫ్ 50 అని రాసి ఉన్న బట్ట 2 శాతమే వదులుతుంది. కానీ అవి చాలావరకు సింథటిక్. ఎగ్జిమా పిల్లలకి చెమట పట్టి దురద పెట్టొచ్చు. అందుకని కొనేముందు లోపలి వైపు మీ చెంపకి రుద్దుకుని చూడండి.

కాస్త దగ్గర నేత ఉన్న, మెత్తటి నూలు అయితే మన పిల్లలకి బాగుంటుంది. కొత్త బట్ట అయితే ఒకసారి ఉతికి, సబ్బు పోయేలా రెండుసార్లు జాడించాక తొడగండి. మెడ వెనక ఉండే లేబుల్ కత్తిరించేయండి. జరీ, నెట్, ఉన్ని ఒంటికి తగలకూడదు. ఫంక్షన్ ఉందా? లోపల మెత్తటి నూలు బనీను వేసి పైన పట్టు వేయండి, ఫొటో అయిపోగానే తీసేయండి.

మా అమ్మమ్మ ఆ రోజు ఏం చేసిందో తెలుసా? పట్టు పావడా విప్పేసి, ఉతికి ఉతికి మెత్తబడిన తన పాత నూలు చీర నాలుగు మడతలు వేసి, చలవ పందిరి కింద పాపని దాని మీద పడుకోబెట్టి విసనకర్రతో విసిరింది. అరగంటకి ఏడుపు తగ్గింది. మర్నాడు డాక్టర్ గారు నాకు చెప్పిన నీడ, నూలు, గాలి అమ్మమ్మ అప్పటికే చేసేసింది.

ఒక జాగ్రత్త. ఎండ తగలకూడదని స్ట్రోలర్ మీదో, బేబీ క్యారియర్ మీదో బట్ట పూర్తిగా కప్పేయకండి. లోపల గాలి ఆడదు, వేడి ఎక్కిపోతుంది. పాప ముఖం ఎప్పుడూ మీకు కనబడుతూ ఉండాలి.

మూడోది: సన్‌స్క్రీన్

ఇప్పుడొచ్చాం అసలు ప్రశ్నకి. (నవ్వు)

ఆరు నెలల లోపు పిల్లలకి సన్‌స్క్రీన్ మామూలుగా వాడరు. నీడ, బట్ట, అంతే. తప్పనిసరై ఎండలోకి వెళ్ళాల్సి వచ్చి, నీడా బట్టా కుదరని చోట మాత్రం ముఖానికి, చేతుల వెనక వైపు కొంచెం రాయొచ్చని పిల్లల డాక్టర్లు చెప్తారు. అది కూడా మీ డాక్టర్‌ని అడిగాకే.

ఆరు నెలలు దాటాక బట్ట కప్పని చోట రాయండి. ట్యూబు మీద చూడాల్సినవి నాలుగు.

ఒకటి, జింక్ ఆక్సైడ్ గానీ టైటానియం డయాక్సైడ్ గానీ ఉన్న మినరల్ రకం. ఇవి చర్మం పైనే ఉండి పని చేస్తాయి, సున్నితమైన చర్మానికి మంట తక్కువ. మిగతా కెమికల్ ఫిల్టర్లలో కొన్ని, ముఖ్యంగా ఆక్సీబెంజోన్ లాంటివి, కొందరికి ఎలర్జీ తెస్తాయి.

రెండు, ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన. 15 అయితే యూవీబీ కిరణాల్లో 93 శాతం ఆపుతుంది, 30 అయితే 97, 50 అయితే 98. చూశారా, 30కీ 50కీ తేడా ఒక్క శాతమే. 100 అని రాసి ఉందని డబుల్ డబ్బులు పెట్టక్కర్లేదు.

మూడు, "బ్రాడ్ స్పెక్ట్రమ్" అని ఉండాలి. ఎస్‌పీఎఫ్ నంబర్ యూవీబీకి మాత్రమే. మన దగ్గర యూవీఏకి పీఏ పక్కన ప్లస్ గుర్తులు వేస్తారు, మూడో నాలుగో ఉంటే మంచిది.

నాలుగు, వాసన వద్దు. వెనక వైపు లిస్టులో "ఫ్రాగ్రెన్స్", "పర్ఫ్యూమ్" అనే మాటలు ఉండకూడదు. "అన్‌సెంటెడ్" అంటే వాసన లేదని కాదు, వాసనని కప్పే ఇంకో వాసన వేసి ఉండొచ్చు. "బేబీ", "నేచురల్", "హెర్బల్" అని ముందు వైపు పెద్ద అక్షరాలతో ఉన్నా వెనక వైపు చదవాల్సిందే. లావెండర్, నారింజ నూనెలు కూడా నేచురలే, ఎగ్జిమా చర్మాన్ని అవి కూడా మండిస్తాయి.

స్ప్రేలు, పౌడర్లు వద్దు, ఊపిరితో లోపలికి పోతాయి. డైపర్ ర్యాష్ క్రీములో కూడా జింక్ ఆక్సైడ్ ఉంటుంది కదా, అదే రాద్దామని కొందరు అడిగారు. అది ఎండ కోసం పరీక్షించింది కాదు, దానికి ఎస్‌పీఎఫ్ లేదు. వద్దు.

కొత్త ట్యూబు కొన్నాక వెంటనే ముఖానికి పూయకండి. ముంజేయి లోపలి వైపు, ఎగ్జిమా లేని చోట, రూపాయి బిళ్ళంత రాయండి. రోజూ అదే చోట, ఐదు రోజులు. ఏమీ కాకపోతే అప్పుడు వాడండి. పెళ్ళికి బయల్దేరే రోజు పొద్దున్న కొత్త ట్యూబు తెరవడం నేను చేసిన లాంటి పనే.

రాసే పద్ధతి. ముందు మాయిశ్చరైజర్. అది ఇంకడానికి అరగంట ఆగండి. వెంటనే రాస్తే రెండూ కలిసిపోయి సన్‌స్క్రీన్ పలచబడిపోతుంది. తర్వాత సన్‌స్క్రీన్ రుద్దకుండా చుక్కలుగా పెట్టి మెల్లగా సర్దండి. చెవులు, మెడ వెనక, పాదాల పైభాగం మర్చిపోకండి. 15 నిమిషాలాగి బయటికి వెళ్ళండి. బయట ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి, తుడిచినప్పుడూ తడిసినప్పుడూ మళ్ళీ రాయాలి. చీలి, నీరు కారుతున్న చోట ఏ సన్‌స్క్రీన్ వద్దు, అక్కడ బట్టే.

మినరల్ రకం రాస్తే తెల్లగా కనబడుతుంది. మా అత్తయ్యగారు చూసి "ఇదేంటమ్మా, పిల్లకి విభూది పూశావా" అన్నారు. అవునండీ, అలాగే ఉంటుంది. తెల్లగా కనబడటం తప్పు కాదు.

మరి పొద్దుటి ఎండ? విటమిన్ డి?

ఇది చాలామంది ఇళ్ళలో గొడవ. నూనె రాసి పొద్దుటెండలో పడుకోబెట్టాలి, లేకపోతే ఎముకలు గట్టిపడవు, పచ్చకామెర్లు పోవు అని. మా ఇంట్లోనూ అయింది. అత్తయ్యగారు ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. ఆవిడతో నేను వాదించలేదు, ఈసారి డాక్టర్ దగ్గరికి ఆవిడని కూడా తీసుకెళ్ళాను.

డాక్టర్ గారు చెప్పింది ఇది. పుట్టినప్పుడు వచ్చే కామెర్లకి ఆసుపత్రిలో పెట్టేది ప్రత్యేకమైన నీలం లైటు, దానికి ఎండ బదులు కాదు. పసుపు ఎక్కువైతే టెస్ట్ చేయించాలి, ఎండలో పెట్టి ఆగకూడదు. విటమిన్ డి కోసం మన దేశంలో పిల్లల డాక్టర్లు మొదటి సంవత్సరమంతా రోజుకి 400 ఐయూ చుక్కలు రాస్తారు. అవి పడుతుంటే ఎండలో పడుకోబెట్టే అవసరం లేదు. ఒక్కటి చూసుకోండి, షాపులో ఒక మిల్లీలీటరుకి 400 ఐయూ ఉన్నవీ, 800 ఐయూ ఉన్నవీ రెండూ ఉంటాయి. 800ది తెచ్చి ఒక మిల్లీలీటరు పోస్తే డబుల్ డోసు అవుతుంది. సీసా మీద చదివి పోయండి.

నూనె రాసి ఎండలో పెట్టడం ఎగ్జిమాకి అస్సలు పడదు. ఆవనూనె, ఆలివ్ నూనె చర్మం పై పొరని ఇంకా దెబ్బతీస్తాయి. సున్నిపిండితో రుద్దడం కూడా ఆపమన్నారు. అత్తయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నేను ఒళ్ళు పట్టడం మానేయాలా?" అని అడిగారు. ఆ మాటకి నాకే కష్టమనిపించింది. ఆవిడ మనవరాలితో గడిపే టైమ్ అది. డాక్టర్ గారు నవ్వి, "మానద్దమ్మా, నూనె బదులు ఈ మాయిశ్చరైజర్‌తో, నీడలో పట్టండి" అన్నారు. ఇప్పుడు మా ఇంట్లో మాయిశ్చరైజర్ డ్యూటీ ఆవిడదే. నాకంటే శ్రద్ధగా చేస్తారు.

చెమట సంగతి

విదేశాల వీడియోలు చూసి మనం ఒకటి మర్చిపోతాం. అక్కడ ఎండ అంటే కిరణాలే, మనకి ఎండ అంటే చెమట కూడా. ఎగ్జిమా చర్మానికి చెమటలోని ఉప్పు మంట పెడుతుంది. ఎండ కోసమని మూడు పొరలు తొడిగితే చెమటకి గీరుకుంటారు. బయట నీడ, బట్ట. ఇంట్లోకి రాగానే ఒక పలచటి నూలు జుబ్బా, ఫ్యాన్. ఏసీ ఉంటే వేసుకోవచ్చు, గాలి నేరుగా తగలకుండా చూడండి, చర్మం పొడిబారుతుంది.

చెమటకాయలకి పౌడర్ కొట్టకండి. మెడ మడతల్లో తడి గుడ్డతో అద్ది, మెత్తగా ఆరబెడితే చాలు. ఆరు నెలల లోపు పిల్లలకి వేసవి అని మంచినీళ్ళు పట్టొద్దు, తల్లిపాలు ఎక్కువసార్లు ఇవ్వండి.

బయట నుంచి వచ్చిన రోజు సన్‌స్క్రీన్ అలాగే ఉంచి పడుకోబెట్టకండి. గోరువెచ్చని నీళ్ళు, వాసన లేని మెత్తటి క్లెన్సర్, పది నిమిషాల లోపు స్నానం. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, మూడు నిమిషాల లోపు, ఒళ్ళు ఇంకా తడిగా ఉండగానే మాయిశ్చరైజర్. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉంచండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పరిగెత్తాలి

ఏడాది లోపు పిల్లల చర్మం ఎండకి కమిలితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి, చూపించండి. బొబ్బలు వచ్చినా, ఎగ్జిమా మీద పసుపు పెచ్చు కట్టినా, చీము కనబడినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్ళండి. ఒళ్ళు కాలిపోతూ, పాప మత్తుగా ఉండి పాలు తాగకపోయినా, ఉచ్చ పోయడం బాగా తగ్గినా అది ఎమర్జెన్సీ. వెంటనే నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, మామూలు నీళ్ళతో ఒళ్ళు తుడుస్తూ ఆసుపత్రికి బయల్దేరండి. మంచు గడ్డలు పెట్టొద్దు.

అంతేనండీ. మా పాపకి ఇప్పుడు రెండున్నర ఏళ్ళు. ఎగ్జిమా పూర్తిగా పోలేదు, మోచేతి మడతల్లో వస్తూ పోతూ ఉంటుంది. పోయిన ఉగాదికి మళ్ళీ అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాం. పొద్దున్న ఏడింటికే చేరిపోయాం. నూలు చొక్కా, టోపీ, బుగ్గల మీద కొంచెం తెల్లగా సన్‌స్క్రీన్. ఈసారి ఫొటోల్లో నవ్వుతోంది.

మీ ఇంట్లో ఇలాంటి పాపో బాబో ఉంటే, ఇప్పుడే ఫోన్‌లో ఆ యూవీ ఇండెక్స్ ఒకసారి తీసి చూడండి. మీ ఊళ్ళో ఎంత ఉందో కామెంట్‌లో రాయండి. ఈ వీడియో మీ అమ్మగారికో అత్తగారికో కూడా పంపండి, కలిసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో ఎగ్జిమా పిల్లలకి స్నానం, సబ్బుల గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ, జాగ్రత్త.